మేస్త్రి గీసిన సుద్దగీత

నలిగిన నిమ్మకాయ వాసన తగిలితే నాకు ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. మొన్న మా చెల్లెలు వాణి కొత్త కారు తీసుకుంటూ నన్ను కూడా రమ్మంది. హోసూరు రోడ్డు మీద పెద్ద షోరూము. ఆటో దిగి గేటు దాటగానే ఆ వాసనే ఎదురొచ్చింది. పొద్దున్నుంచి నాలుగైదు కార్లు పూజ చేయించుకుని వెళ్లినట్టున్నాయి. నేల మీద చితికిన నిమ్మచెక్కలు, కుంకుమ కలిసిన నీళ్లు, తెగిన పూలదండల ముక్కలు. వాణి అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉంది. బానెట్టే నా భుజాల దాకా వచ్చేంత ఎత్తున్న ఎస్‌యూవీ అది. పూజారి చక్రాల దగ్గర వంగుతూ లేస్తూ తిరుగుతున్నాడు. "అక్కా, టైముకొచ్చావు, ఎక్కు" అని వాణి కిటికీలోంచి పిలిచింది. నేను ఎక్కలేదు. తిన్నగా వెళ్లి కారుకు ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడ్డాను. షోరూము మేనేజరు నవ్వాలో వద్దో తెలియక నన్నే చూస్తున్నాడు. యాభై దాటిన ఆడమనిషి, చూడ్డానికి బాగానే ఉంది, ఇదేం పని అనుకుని ఉంటాడు. వాణికి ఈ సంగతి సగమే తెలుసు. మిగతా సగం తెలియాలంటే మునివెంకటప్ప మేస్త్రి తెలియాలి.

తొంభైల మధ్యలో నేను హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి ఒక ఇంగ్లీషు కార్ల పత్రికలో చేరాను. మొదట ప్రూఫులు దిద్దడం, తర్వాత చిన్న చిన్న వ్యాసాలు. మా నాన్న కాంట్రాక్టు పనుల జీపు మీద పదహారో ఏటే డ్రైవింగు నేర్చుకున్నదాన్ని కాబట్టి నాకు కార్ల గురించి తెలియనిది లేదనుకునేదాన్ని. ఆ ఆఫీసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. ఎవరైనా నాకు ఏదో తెలియదన్నట్టు మాట్లాడితే చాలు, ఒళ్లు మండేది. పాత కార్లు బాగుచేసే వాళ్ల గురించి రాయమని ఎడిటర్ పంపిస్తే, అడుగుతూ అడుగుతూ కలాసిపాళ్యం వెనక సందులో ఉన్న ఒక రేకుల షెడ్డు ముందు తేలాను.

లోపల యాభై అయిదేళ్ల పొట్టి మనిషి, ఖాకీ చొక్కా, చెవి మీద సుద్దముక్క. ఒక కారు తలుపు మీద పల్చటి మల్లుగుడ్డ పరిచి, కళ్లు మూసుకుని, దాని మీద కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ మెల్లగా జరుపుతున్నాడు. నేను పలకరించినా కళ్లు తెరవలేదు. వేళ్లు ఒకచోట ఆగాయి. గుడ్డ తీసి, అక్కడ సుద్దతో చిన్న సున్న చుట్టి, అప్పుడు నా వైపు తిరిగాడు. ఆ సున్న ఉన్న చోట నాకు ఏ సొట్టా కనిపించలేదు. అదే చెప్పాను, కాస్త ఎగతాళిగానే.

"కనపడదు లేమ్మా," అన్నాడాయన. "పెయింటు మెరుస్తాంటే కండ్లు మోసం చేస్తాయి. నువ్వూ పెట్టి చూడు చెయ్యి."

పెట్టాను. నాకేమీ తెలియలేదు. తెలిసిందని చెప్పాను. ఆయన నవ్వి, "సరేలే పాపా, స్వల్ప దినాలు పోనీ" అన్నాడు. అబద్ధం దొరికిపోయినందుకు సిగ్గుతో నా ముఖం ఎర్రబడింది. ఆ వ్యాసం అయిపోయాక కూడా శనివారం వస్తే నా కాళ్లు ఆ షెడ్డు వైపే నడిచేవి. నాకు తెలియదని మొహం మీద చెప్పినా నాకు కోపం రాని మొదటి మనిషి ఆయన.

మునివెంకటప్ప వాళ్లది మూడు తరాలుగా బెంగళూరే. ఇంట్లో తెలుగు, సందులో కన్నడం, గిరాకీలతో ఏది వస్తే అది. భార్య రత్నమ్మ గారు షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోంచి పదకొండు గంటలకు టీ తెచ్చేవారు. ఆయన నాకు నేర్పిన పాఠాలన్నీ చిన్నవే. "గాడీ ఎక్కేముందర ఒక సుట్టు తిరిగి ఎక్కాల" అనేవాడు. గుడికెళ్లి ప్రదక్షిణం చేసినట్టు ఏమిటిది అని నేను వెక్కిరించేదాన్ని. ఆ ఇరుకు సందులోంచి కారును వెనక్కి తీయడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నాకు వచ్చని వాదిస్తూనే రెండు సార్లు గోడకు గీకించాను. ఆయన కిటికీ పక్కన నడుస్తూ ఒకే మాట చెప్పేవాడు. "రివర్స్ వెయ్యి పాపా. మెల్లగా." ఆ గొంతులో తొందర ఉండేది కాదు, భయం ఉండేది కాదు. ఆ మాట ముందు ముందు ఎక్కడ వినాల్సి వస్తుందో అప్పుడు నాకేం తెలుసు.

షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఆయన సొంత బండి ఉండేది. రెండే తలుపులున్న పాత కూపే. ఎవరో కాఫీ తోటల దొర వాడి వదిలేస్తే, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టిన స్థితిలో పాతసామాన్ల వాళ్ల దగ్గర కొన్నాడట. వీలు దొరికినప్పుడల్లా ఒక్కొక్క రేకూ సరిచేస్తూ ఎనిమిదేళ్లు గడిపాడు. నేను వెళ్లడం మొదలుపెట్టిన నాలుగో ఏటికి ఇంజను తిరిగింది. ఒళ్లు మాత్రం ఇంకా బూడిద రంగు ప్రైమరులోనే ఉంది, ఎడమ తలుపు సొట్టలు అలాగే ఉన్నాయి. ఇంత కష్టం ఎందుకని ఒకసారి అడిగాను.

"ముప్పై ఏండ్లుగా ఊరోళ్ల బండ్లు చేస్తి," అన్నాడు. "నా చేత్తో చేసి, నేను ఎక్కి తిరిగేది ఒకటన్నా ఉండాల గదమ్మా. రత్నను కూర్చోబెట్టుకోని ఈ ఊరి పక్క నందికొండకు పోవల్ల. అంతే ఉండాది నా ఆశ."

రెండువేల సంవత్సరం దాటాక బెంగళూరు రోడ్ల మీదికి ఎత్తు కార్లు రావడం మొదలైంది. ఆఫీసులో అందరికీ అదే పిచ్చి. ఒక కంపెనీ వాళ్లు కొత్త ఎస్‌యూవీని మా పత్రికకు కొన్ని రోజుల పాటు ఇచ్చారు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి రాస్తే బాగుంటుందని ఎడిటర్ అన్నాడు. ఎవరి కూపే అన్న ప్రశ్నే లేదు. నేను ఆ ఎస్‌యూవీని కలాసిపాళ్యం సందులోకి దూర్చి షెడ్డు ముందు ఆపితే, మేస్త్రి బయటికొచ్చి తల పైకెత్తి చూశాడు. "ఏమ్మా, బీరువా తోలుకోని వచ్చినావే" అన్నాడు. ఆ రోజు నుంచి మాకు అది బీరువానే.

రెండు కార్లనూ ఒకే దారిలో, లాల్‌బాగ్ చుట్టూ, మార్చి మార్చి నడిపాను. బీరువాలో ఏసీ వేసి అద్దాలు ఎత్తేస్తే బయట ఊరుందన్న సంగతే మరిచిపోవచ్చు. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది. గుంతలు వచ్చాయో లేదో నడుముకు తెలియదు. సిటీ బస్సు డ్రైవరు కళ్లలోకి సమానంగా చూడొచ్చు, ఆ సుఖం చెప్పనలవి కాదు. కూపేలో అన్నీ తిరకాసులే. స్టీరింగు తిప్పితే రెక్కలు నొప్పి పుడతాయి, పెట్రోలు వాసన బట్టలకు పడుతుంది, రోడ్డు మీద గులకరాయి తగిలినా వెన్నుకు తెలుస్తుంది. కానీ దాని అద్దాల మధ్య స్తంభాలు బొటనవేలంత సన్నం. ముందు బానెట్టు కిందికి వాలి ఉంటుంది. రోడ్డు దాటే కుక్క కళ్లు కూడా కనిపిస్తాయి. ఇవన్నీ పుస్తకంలో రాసుకున్నాను. మేస్త్రి బీరువాలో పక్క సీట్లో కూర్చుని ఒక రౌండు తిరిగి, నిజాయితీగానే మెచ్చుకున్నాడు. "సీటు బాగుండాది. మా రత్న నడుము నొప్పికి మందే అక్కర్లే" అన్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చాక ఆయన దిగి, నన్ను మాత్రం దిగొద్దన్నాడు. ముందుకెళ్లి మాయమైపోయాడు. ఎక్కడికెళ్లాడా అని నేను మెడ చాపి చూస్తున్నాను.

"కనపడతాండానా?" అని గొంతు వినిపించింది.

"లేదు మేస్త్రీ, ఎక్కడున్నారు?"

"నీ ముందరే ఉండా."

బంపరుకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడట. లేచి, టీ తాగిన స్టీలు గ్లాసు నేల మీద పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి జరుపుతూ పోయాడు. గ్లాసు నాకు కనిపించిన చోట "ఆఁ" అనమన్నాడు. నేను అనేసరికి ఆయన షెడ్డు సగం దాటిపోయాడు. చెవి మీది సుద్ద తీసి అక్కడ అడ్డంగా గీత గీశాడు. పాదానికి పాదం ఆనించి కొలిస్తే పదిహేను అడుగులు వచ్చింది. కూపేలో కూర్చోబెట్టి మళ్లీ అదే చేశాడు. ఏడు. రెండు గీతలూ నల్లటి నేల మీద తెల్లగా ఉన్నాయి.

"ఎత్తున కూర్చున్నోనికి దూరం కనపడతాది, దగ్గిర కనపడదు. ఇది రాయమ్మా నీ పేపర్లో," అన్నాడు.

రాస్తానన్నాను. రాయలేదు. నన్ను ఎవరూ ఆపలేదు, ఎడిటర్ కోయలేదు, కంపెనీ వాళ్లు అడగలేదు. వ్యాసం రాస్తుంటే మంచి ఊపు మీద ఉన్నాను. ఆ ఊపులో టీ గ్లాసూ సుద్దముక్కా నాకు నాటుగా అనిపించాయి. వాటి బదులు ఒక వాక్యం రాసుకుని, దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా. "ఈ సీట్లో కూర్చున్నాక మీ కంటికి కనిపించనిది రోడ్డు మీద ఏదీ ఉండదు" అని. వ్యాసం అచ్చుకు వెళ్లిపోయింది. బీరువాను తిరిగి ఇవ్వడానికి ఇంకా రెండు రోజుల గడువుంది. మధ్యలో ఆయుధపూజ వచ్చింది.

ఆయుధపూజ నాడు కలాసిపాళ్యం సందుల్ని చూడాలి. ప్రతి షెడ్డుకూ అరటి పిలకలు, ప్రతి సుత్తికీ కుంకుమ బొట్టు. ఆ రోజు షెడ్డులో ఉన్న ఏ బండికీ పూజ తప్పకూడదని మేస్త్రి పట్టుదల. అతిథిగా వచ్చిన బండి అయినా సరే. అందుకని బీరువాను కూడా తెమ్మన్నాడు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్లాను. నేల కడిగేశారు, సుద్దగీతలు పోయాయి, వాటి మీద రత్నమ్మ గారు పెద్ద ముగ్గు వేశారు. మేస్త్రి చెప్పినట్టే నేను కారు చుట్టూ ఒకసారి తిరిగి ఎక్కాను. ఇది గట్టిగా చెప్తున్నాను, తిరిగే ఎక్కాను. అయితే ఎక్కాక పూజ పది నిమిషాలు సాగింది. రత్నమ్మ గారు హారతి ఇచ్చారు. పక్క షెడ్డు వాళ్లు బూడిద గుమ్మడికాయ కొట్టారు. ఎవరో టపాకాయలు కాల్చారు. నాలుగు చక్రాల దగ్గరా మేస్త్రి నిమ్మకాయలు పట్టుకుని వంగడం పైనుంచి చూశాను. ఆయన లేచి పక్కకు తప్పుకోవడం కూడా చూశాను. అందరూ చేతులూపుతూ రమ్మంటున్నారు.

క్లచ్చి వదిలాను. మా వైపు వాళ్లకు తెలుసు, అప్పుడు చెవి నిమ్మకాయ మీదే ఉంటుంది. అది చిట్లితేనే శుభం. ఎడమ ముందు చక్రం కింద ఏదో మెత్తగా నలిగినట్టు స్టీరింగుకు తెలిసింది. నిమ్మకాయ అనుకున్నాను. నవ్వాను. దేవుడా, నేను నవ్వాను. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే రత్నమ్మ గారి చేతిలోంచి హారతి పళ్లెం జారిపోవడం చూశాను. ఆమె నోరు తెరుచుకుంది. అరుపు అద్దాలు దాటి నాదాకా రావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. నేల వాలుగా ఉండడంతో ఆ చక్రం కింది నిమ్మకాయ దొర్లిపోయిందట. శకునం తప్పకూడదని మేస్త్రి చటుక్కున వంగి దాన్ని మళ్లీ లోపలికి నెడుతున్నాడు. కూపే అయి ఉంటే ఆయన ఖాకీ చొక్కా నా మోకాలి ముందే కనిపించేది. బీరువాలోంచి నాకు కనిపించింది పూలదండ వేసిన బానెట్టు, చేతులూపుతున్న జనం, పైన ఆకాశం.

నేను బిగుసుకుపోయాను. కాలు బ్రేకు మీద ఉంది, చక్రం ఆయన వేళ్ల మీద ఉంది. జనం తలుపు మీద బాదుతున్నారు, ఎవరో దాన్ని లాగి తెరిచారు. ఏ పెడలు దేనికో, ఏ చెయ్యి నాదో నాకు తెలియలేదు. ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపించింది, ఇరవై క్షణాలు కూడా అయి ఉండదు. అప్పుడు కింద నుంచి, నాకు కనిపించని చోటు నుంచి, ఆ గొంతు వచ్చింది. సందులో పాఠం చెప్పినప్పటి గొంతే.

"రివర్స్ వెయ్యి పాపా. మెల్లగా."

వేశాను. మెల్లగా వెనక్కి తీశాను. దిగి చూడాల్సింది చూశాను. అది ఇక్కడ రాయను. ముగ్గు మీద నిమ్మకాయ చెక్కుచెదరకుండా పసుపుపచ్చగా పడి ఉంది. ఆ ఒక్కటి మాత్రం ఈనాటికీ కళ్ల ముందు నుంచి పోదు.

ఆస్పత్రిలో ఆయన కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ తీసేశారు. డెంటు వెతికే వేళ్లు అవే. ఎలా జరిగిందని డాక్టరు అడిగితే "పూజలో తగిలె" అన్నాడు తప్ప నా పేరు ఎత్తలేదు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. తిట్టి ఉంటే నిలబడగలిగేదాన్నేమో. రత్నమ్మ గారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం, "నువ్వు ఏమన్నా తిన్నావా సుజాతమ్మా" అని అడిగారు. ఆ మాటకు నేను నేల మీద కూలబడి ఏడ్చాను.

వారం తిరక్కుండానే పత్రిక బయటికొచ్చింది. అచ్చులో నా పేరు చూసినప్పుడల్లా పొంగిపోయేదాన్ని, ఆ సంచికను మాత్రం తెరవలేదు. నేను దాచిపెట్టాను. కానీ సంగతి తెలిసిన మేస్త్రి చదివి వినిపించమన్నాడు. మంచం పక్కన కూర్చుని ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆగాను. దాటేద్దామనుకున్నాను. దాటలేకపోయాను. "కనిపించనిది రోడ్డు మీద ఏదీ ఉండదు" అని ఆయన కట్టుకట్టిన చేతిని చూస్తూ చదివాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"నా గీత యాడమ్మా?"

"రాయలేదు మేస్త్రీ."

"మర్సిపోయినావా?"

అవునంటే సరిపోయేది. ఆ మంచం పక్కన మాత్రం అబద్ధం రాలేదు. "లేదు. బాగుండదని వదిలేశాను" అన్నాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. "రాసింటే ఎవురన్నా ఒగరు సదివుందురు" అన్నాడు. కోపం లేదు. చెప్పుల జత ఎక్కడో మరిచిపోయిన మనిషి గొంతులా ఉంది. నా జీవితంలో నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు. ఇక పొమ్మంటాడని లేచాను. గుమ్మం దాకా పోనిచ్చి వెనక నుంచి పిలిచాడు.

"శనివారం షెడ్డుకు రా. రెండు తలుపులదాని ఎడమ వాకిలి అట్లే ఉండాది. నాకు వేళ్లు లేవు. నీకుండాయి."

ఏమన్నాడో అర్థం కావడానికి నాకు సమయం పట్టింది. అర్థమయ్యాక ఇంకా నిర్ఘాంతపోయాను. ఎనిమిదేళ్లు తన చేత్తోనే చేస్తానని పట్టుబట్టిన బండి అది. దాన్ని ఈ చేతులకు ఇస్తానంటున్నాడు, తన వేళ్లు తీసిన ఈ చేతులకే. రాలేనని చెప్దామనుకున్నాను. శనివారం వెళ్లాను.

ఆ ఏడాదంతా వెళ్లాను. తలుపు మీద మల్లుగుడ్డ పరిచి నా చెయ్యి పెట్టించి, నా చేతి మీద తన అరచెయ్యి వేసి జరిపేవాడు. మొదట్లో ఆ మిగిలిన మూడు వేళ్లూ నా చేతికి తగిలితే ఒళ్లు జలదరించేది. "నిలుపు. ఈడ" అనేవాడు. "తెలిసిందా?" అని అడిగేవాడు. తెలియకపోతే తెలియదని చెప్పడం ఆ ఏడాదే నేర్చుకున్నాను. ఉగాది దాటాక ఒక శనివారం, ఆయన చెప్పకముందే నా వేళ్లు ఒకచోట ఆగాయి. బియ్యపు గింజంత లోతు. నేను నోరెత్తకుండా ఆయన చెవి మీది సుద్ద తీసుకుని సున్న చుట్టాను. ఆయన తన ఎడమచేత్తో తడిమి చూసి తలూపాడు. రత్నమ్మ గారిని పిలిచి, టీలో చక్కెర ఇంకో చెంచా వేయమన్నాడు. సుత్తి పని నేను చేసింది కొంచెమే, ఎడమచేత్తో ఆయనే నేర్చుకుని ఎక్కువ చేశాడు. వెతకడం మాత్రం నా వేళ్లదే. తలుపు పూర్తయింది, బండికి ముదురు ఆకుపచ్చ రంగు పడింది.

గీత గురించి కూడా రాశాను. మనది కార్ల పత్రికా, యాక్సిడెంట్ల పత్రికా అని ఎడిటర్ విసుక్కున్నాడు. చివరికి అరపేజీ ఇచ్చాడు. నేను వదిలేసిన సంగతి, వదిలేసినందుకు జరిగిన సంగతి, పదిహేను అడుగులు, ఏడు అడుగులు, అన్నీ నా పేరుతోనే రాశాను. ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. జయనగర్ నుంచి ఒకాయన తన ఇంటి ముందు గీత గీసుకున్నానని, మనవరాలిని అది దాటనివ్వడం లేదని రాశాడు. మేస్త్రికి చదివి వినిపిస్తే, రెండోసారి చదవమన్నాడు. ఆ ఉత్తరాన్ని షెడ్డు గోడకు అంటించాడు.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. కూపే ముస్తాబై నిలబడింది. మేస్త్రి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను తిరిగి ఇచ్చేయబోయాను. "నేను కూర్చోను మేస్త్రీ. మీ బండి. మీరే తోలండి" అన్నాను. ఏడాదిగా ఆఫీసు పనికి తప్ప నేను కారు ముట్టుకోలేదు. నిమ్మకాయల మీదికి ఇక జన్మలో ఎక్కించనని ఒట్టు పెట్టుకున్నాను.

"నువ్వు తోలకుంటే ఈ బండి నాకు అక్కర్లే," అన్నాడు. "సుట్టు తిరుగు. ఎక్కు. ఇంగొక పని ఉండాది, నేను చెప్తా."

తిరిగి ఎక్కాను. ఆయన కూపే చక్రాల కింద ఒక్కొక్క నిమ్మకాయా తానే పెట్టాడు. ఆ కిందికి వాలిన బానెట్టు మీంచి ఆయన తలా భుజాలూ నాకు చివరిదాకా కనిపిస్తూనే ఉన్నాయి. పెట్టడం అయ్యాక లేచి, నాకు సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి వేళ్లు విడదీసి చూపించాడు.

"ఎంచు."

సందు సందంతా చూస్తోంది. "ఎనిమిది" అన్నాను. గొంతు నాకే వినిపించలేదు.

"గట్టిగా. ఎంచి చెప్పు."

ఒకటి నుంచి లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఆగాను. "సరిపోయెనా?" అన్నాడు. "సరిపోయింది" అన్నాను. "అయితే రా" అని పక్కకు జరిగాడు, చేతులు దించకుండానే. నాలుగు నిమ్మకాయలూ చిట్లిన చప్పుడు విన్నాను. తర్వాత ఆయన రత్నమ్మ గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఎడమచేత్తో గేర్లు మారుస్తూ నందికొండకు వెళ్లి వచ్చాడు. ఆ షెడ్డులో అప్పటి నుంచి అదే రివాజు. నిమ్మకాయ పెట్టినవాళ్లు ఎదురుగా నిలబడి చేతులు చూపించాలి, స్టీరింగు ముందున్నవాళ్లు పైకి లెక్కపెట్టాలి. పక్క షెడ్ల వాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్లూ మొదలుపెట్టారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను పత్రిక మానేసి కూడా ఎన్నో ఏళ్లు. ఈ లెక్క మాత్రం మానలేదు.

షోరూములో నేను చేతులు చాపి నిలబడ్డది అందుకే. "పూజారి గారూ, ఇలా ముందుకొచ్చి మీ రెండు చేతులూ చూపించండి" అన్నాను. ఆయన చిరాకుగా చూసి, కొత్త కారు పూట గొడవెందుకని చూపించాడు. మేనేజరును కూడా రమ్మన్నాను. "ఇందులో ఇప్పుడు కెమెరాలూ సెన్సర్లూ ఉన్నాయి మేడమ్" అన్నాడతను. ఉండనీ, మీ చేతులు ఎత్తండి అన్నాను. ఇద్దరూ అక్కడ దొంగలు దొరికినట్టు చేతులెత్తి నిలబడితే పక్కన ఎవరో ఫోనులో ఫోటో తీసుకున్నారు. నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. వాణి మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి ఒక్కొక్క వేలూ పైకి లెక్కపెట్టింది. పది, ఇరవై. "సరిపోయాయా అక్కా?" అని అడిగింది.

సరిపోయాయి అన్నాను. వాళ్లు చేతులు దించకుండానే పక్కకు జరిగారు. నేనూ జరిగాను. కారు కదిలింది. నా అరచేతులు చల్లగానే ఉన్నాయి, చెవి ఎడమ ముందు చక్రం మీదే ఉంది. చప్పుడు వినిపించింది. నిమ్మకాయే.